స్తంభం పక్క టీవీ

ఆ శనివారం పొద్దున్న వాళ్లు వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నంలోగా ఒక టీవీ కొనాలి. సాయంత్రానికల్లా దాన్ని హాల్లో పెట్టాలి. భోజనాలయ్యాక దీపాలు ఆర్పేసి, ఫోనులో కాకుండా, మనుషుల్లా ఒక సినిమా చూడాలి. అంతే.

పాత టీవీ పోయి మూడు నెలలైంది. అప్పట్నుంచీ మొగుడూ పెళ్లాలిద్దరూ ఆవిడ ఫోనును పంచదార డబ్బాకు ఆనించి, తలకు తల తాకించి కూర్చుని ఓటీటీలో సినిమాలు చూస్తున్నారు. సినిమా రసవత్తరంగా మారగానే ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. వాళ్ల కష్టసుఖాలు విని పెట్టేసేసరికి హత్యకు గురైంది ఎవరో కూడా గుర్తుండదు. మళ్లీ మొదటికి వెళతారు. అలా ఒకే సినిమాను వారమంతా చూసిన సందర్భాలున్నాయి.

ఆయన పళ్ల ల్యాబ్‌లో టెక్నీషియన్. కట్టుడు పళ్లు చేస్తాడు. వీధిలో అందరూ పళ్లాయన అంటారు. ఆ పేరు విని వీధిలోకి కొత్తగా వచ్చినవాళ్లు ద్రాక్ష కిలో ఎంతని అడగడం, ఆయన ఓపిగ్గా "ఆ పళ్లు కావండీ" అని తన నోరు తెరిచి చూపించడం మామూలే. ముప్పై రెండు పళ్లు అవలీలగా చేసిపెట్టగలడు గానీ, పాపం, ఆయనకే నోట్లో నాలుక లేదు. ఎవరేం చెప్పినా కాదనలేడు. కాదనడానికి మాట వెతుక్కునేలోగా అవతలివాళ్లు సరేనన్నాడనుకుని వెళ్లిపోతారు.

ఆయన భార్య బస్టాండులో మైకు ముందు కూర్చుని ప్రకటనలు చదువుతుంది. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫామ్ మీద ఉందో రోజంతా చెప్పి చెప్పి ఇంటికొచ్చేసరికి గొంతు అరిగిపోయి ఉంటుంది. అందుకని ఇంట్లో పొదుపుగా మాట్లాడుతుంది. కోపమొస్తే మాత్రం ఆ మైకు గొంతే బయటికొస్తుంది. అక్షరం అక్షరం విడదీసి, ప్రత్యేకించి ఎవరిమీదా కోపం లేనట్టు పలుకుతుంది. ఆ గొంతు వినగానే ఆవిడ తండ్రి కూడా తన గదిలోకి వెళ్లి తలుపేసుకుంటారు.

ఆ మామగారు వాళ్లతోనే ఉంటారు. క్రేన్ ఆపరేటర్‌గా చేసి రిటైరయ్యారు. ఏళ్ల తరబడి ఆకాశంలోంచి నేలమీది వాళ్లకు కేకలేసి చెప్పడం అలవాటై, పక్క కుర్చీలో ఉన్నవాళ్లతోనూ అలాగే మాట్లాడతారు. ఆయన నోట్లో ఉన్నవి అల్లుడు చేసిపెట్టిన పళ్లే. వాటితోనే అల్లుణ్ని కసురుతుంటారు.

"ఇవాళైనా కొంటారా, ఇవాళ కూడా చూసొస్తారా?" అంది భార్య చెప్పులేసుకుంటూ.

"కొనేస్తాను. కిటికీ పక్కనున్నది ఖాయం చేశాను. యాభై ఐదంగుళాలు. మనం అనుకున్న ధరలోనే వస్తుంది. ఒక్క పీసే మిగిలిందట."

"మూణ్ణెల్లుగా ఖాయం చేస్తూనే ఉన్నారు. పళ్లూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం?"

ఆ సామెత ఆయన వృత్తిలో ఉన్నవాళ్ల ముందు అనదగ్గది కాదు. 

"అలా కాదు. చీకటి సీనులో నలుపు నల్లగా ఉండాలి, చాలా వాటిల్లో బూడిద చల్లినట్టుంటుంది. తెలుపు తెల్లగా ఉండాలి. అక్కడ స్తంభం పక్కన అదే సైజులో ఒక టీవీ ఉంది, దాన్లో హీరో నవ్వితే ట్యూబులైటు వెలిగినట్టుంటుంది. మనుషుల పళ్లు అలా ఉండవు."

"నేను సినిమా చూస్తానండీ, పళ్లు లెక్కపెట్టను. మధ్యాహ్నానికి నా డ్యూటీ అయిపోతుంది. నేరుగా షాపుకొచ్చేస్తాను. అప్పటికి బిల్లు వేయించి ఉంచండి."

"పెద్దది కొను అల్లుడూ!" అని లోపల్నుంచి మామగారు అరిచారు. "ఫైటింగులు పెద్దగా కనపడాలి!" వీధిలో సైకిలు మీద పోతున్నవాడు ఉలిక్కిపడి కాలు కింద పెట్టాడు.

షాపులో పై అంతస్తంతా, మెట్ల దగ్గర ఒక వరస ఫ్రిజ్‌లు తప్ప, టీవీలే. ఒకే రామచిలుక అన్ని తెరల మీదా ఒకేసారి ఎగురుతుంది. ఒకే తేనె అన్ని తెరల మీదా ఒకేసారి కారుతుంది. పైన దీపాలు ఆపరేషన్ గదిలోలా వెలుగుతుంటాయి. ఈ మూడు నెలల్లో పళ్లాయన ల్యాబ్ అయ్యాక ఎన్నో సాయంత్రాలు, సెలవు గనక ప్రతి శనివారం అక్కడే గడిపాడు. పేషెంటు పంటి రంగు సరిచూడడానికి వాడే నమూనా పళ్ల పట్టీ ఒకటి ఆయన జేబులో ఎప్పుడూ ఉంటుంది. దాన్ని తీసి తెర మీది నటుల పళ్ల పక్కన పెట్టి చూసేవాడు. మొదట్లో షాపువాళ్లు గుమిగూడి చూశారు. తర్వాత అలవాటు పడిపోయారు.

"వచ్చారా సార్," అన్నాడు టీవీల సెక్షన్ సేల్స్‌మన్, మళ్లీ జ్వరమొచ్చిందా అన్నట్టు. అతనిది నడివయసు. రెండు మోకాళ్లూ నొప్పులే.

"ఇవాళ కొనేస్తాను. మా ఆవిడ వచ్చి ఒక్కసారి చూస్తే అయిపోతుంది."

"అలాగే సార్," అన్నాడతను. నమ్మలేదు. "నిలబడి నిలబడి కాళ్లు పడిపోయాయి సార్. స్టూలేసుకుంటే కెమెరాలో కనపడుతుంది. ఐదు నిమిషాల్లో టీ తాగొస్తాను, ఈ రిమోట్ కాస్త పట్టుకోండి. మీకు తెలీనిదేముంది ఇక్కడ!"

పళ్లాయన రిమోట్ పట్టుకున్నాడు. సేల్స్‌మన్ టీ దాకా వెళ్లలేదు. వెనక స్టాక్ గదిలో ఒక వాషింగ్ మెషీన్ అట్టపెట్టె మీద, ఒక్క క్షణం కూర్చుందామని కూర్చున్నాడు. గోడ చల్లగా ఉంది. తల ఆనించాడు. ఇక అతని సంగతి వదిలేద్దాం.

ముందుగా ఒక ముసలి దంపతులు వచ్చారు.

"బాబూ, దీన్లో ఓటీటీ సినిమాలన్నీ వస్తాయా?" అంది పెద్దావిడ.

వస్తాయని చెప్పడానికి సేల్స్‌మన్ కానక్కర్లేదు. చెప్పాడు. చెప్పి ఊరుకున్నా బాగుండేది. "మీ హాల్లో కిటికీ ఎటుందండీ?" అని అడిగాడు.

"టీవీ పెట్టే గోడకి సరిగ్గా ఎదురుగా."

"అయితే ఇంత మెరిసే తెర వద్దండీ. పగటిపూట సినిమా బదులు మీ మొహాలే కనపడతాయి."

"ఈవిడ మొహం చూసి చూసే కదా టీవీ కొంటున్నాం," అన్నాడు పెద్దాయన.

"నా బాధా అదే," అంది ఆవిడ.

పళ్లాయన వాళ్లకు వెలుతురు తక్కువగా తిప్పికొట్టే తెర ఒకటి చూపించాడు. సోఫా గోడకు ఎంత దూరంలో ఉందో అడిగి, అంత దగ్గరైతే ఇంకా పెద్దది అనవసరమన్నాడు. మాటలు సరిగ్గా వినబడాలంటే విడిగా ఒక చిన్న సౌండ్‌బార్ తీసుకోమని, ఖరీదైనది మాత్రం వద్దని చెప్పాడు. జీవితంలో మొదటిసారి షాపులో ఒక మనిషి 'వద్దు' అనడం విని వాళ్లిద్దరూ ముగ్ధులైపోయారు. కొనేశారు. కౌంటర్లో ఉన్న అమ్మాయి మూడు నెలలుగా పళ్లాయనను రోజూ చూస్తూనే ఉంది. ఎప్పుడో ఒకప్పుడు ఈయన ఇక్కడే చేరిపోతాడని అనుకుంది కూడా. టీవీల సెక్షన్ పేరు మీద బిల్లు కొట్టేసింది.

ఆ తర్వాత ఆయన్ని జనం వదల్లేదు. "ఈయన బాగోలేనిది కూడా చెప్తున్నాడు, రండి" అని ఒకరినొకరు పిలుచుకున్నారు. పళ్లాయన రిమోట్ నొక్కి షాపు కోసం పెట్టిన మితిమీరిన వెలుగు తగ్గించి, సినిమా మోడ్ పెట్టి చూపించాడు. అంతదాకా రంగు డబ్బాలో పడ్డట్టున్న రామచిలుక ఒక్కసారిగా రామచిలుకలా కనబడింది. జనం ఆహా అన్నారు. ఆయనకు లోలోపల కొంచెం బాగానే ఉంది. ల్యాబ్‌లో తను చేసిన పళ్లు చూసి ఆహా అన్నవాళ్లు ఇంతవరకు లేరు. బాగా కుదిరిన కట్టుడు పళ్లను ఎవరూ గుర్తుపట్టరు.

అప్పుడు మెట్లెక్కి ఏరియా మేనేజర్ వచ్చాడు. చెప్పాపెట్టకుండా తనిఖీ చేయడం అతని పద్ధతి. తెల్లవారుజాము నుంచి బ్రాంచీలన్నీ తిరుగుతున్నాడు. ఎక్కడా ఒక్క సేల్స్‌మన్ నవ్వుతూ కనబడలేదు. కళ్ల కింద సంచులతో, ఇక మనుషుల మీద ఆశ వదులుకునే దశలో ఇక్కడికొచ్చి చూస్తే, రిమోట్ పట్టుకున్న ఒకాయన చుట్టూ జనం మూగి ఉన్నారు.

"బ్యాడ్జి ఏదయ్యా?" అన్నాడు పక్కకు పిలిచి.

"నాకు బ్యాడ్జి లేదండీ. నేను కస్టమర్ని."

ఏరియా మేనేజర్ మొహం చేటంతైంది. "ట్రైనింగ్ గుర్తుందన్నమాట! 'ప్రతి సేల్స్‌మనూ నేనే కస్టమర్ని అనుకోవాలి.' ఆ వాక్యం రాసింది నేనే. ఇన్ని బ్రాంచీల్లో ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు ఆ మాట నాకు తిరిగి చెప్పలేదు!"

"అది కాదండీ, నేను నిజంగానే..."

"నిజంగానే అనుకోవాలి! నటిస్తే కుదరదు. అదీ!" అంటూ బల్ల సొరుగులోంచి ఒక బ్యాడ్జి తీసి ఆయన చొక్కాకు గుచ్చాడు. దాని మీద 'నన్ను అడగండి' అని రాసి ఉంది.

ఆ బ్యాడ్జి పీకేసి వెళ్లిపోవచ్చు. కానీ కిటికీ పక్క టీవీ ఒక్క పీసే ఉంది. భార్య ఇక్కడికే వస్తానంది. పైగా 'కాదు' అనే మాట ఇంకా నోటి దాకా రాలేదు. ఈలోగా ఎవరో "అన్నా, నన్ను అడగండి అని ఉంది, అడగొచ్చా?" అన్నారు. అడగమన్నాడు.

ఇంకో మూడు టీవీలు అమ్ముడుపోయాయి. ఏరియా మేనేజర్ చేతులు కట్టుకుని చూస్తున్నాడు. చివరికి దగ్గరికొచ్చి, "బాగుంది. కానీ మంచివి ఎవడైనా అమ్ముతాడు," అన్నాడు. స్తంభం పక్క టీవీ వైపు వేలు చూపించాడు. దాని మీద దుమ్ముంది. ఎర్రటి కాగితం మీద 'చివరి ధర, వెనక్కి తీసుకోబడదు' అని రాసి అతికించి ఉంది. "అది చాలాకాలంగా కదల్లేదు. అమ్మి చూపించు. మీలాంటివాళ్లకి గట్టిగా చెప్పకపోతే పనిజరగదు గనక చెప్తున్నా. సాయంత్రంలోగా ఇది అమ్మకపోతే రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు!"

ఆ మాటకు పళ్లాయనకు ప్రాణం లేచొచ్చింది. "తప్పకుండా రానండీ," అన్నాడు నవ్వుతూ.

సరిగ్గా అప్పుడే ఆయన భార్య మెట్లెక్కి వచ్చింది.

ఆవిడకు వినబడింది 'రేపట్నుంచి రానక్కర్లేదు' అన్న మాట. కనబడింది భర్త చొక్కా మీది బ్యాడ్జి. ఆ పైన ఆయన నవ్వు. ఆ నవ్వు చూడగానే ఆవిడకు కళ్లు తిరిగినంత పనైంది. ఫ్రిజ్‌ల వరసలో ఒక ఫ్రిజ్ తలుపు పట్టుకుని నిలబడింది.

మూడు నెలలుగా రోజూ ఆలస్యంగా ఇంటికి రావడం. ఎక్కడికెళ్లారంటే టీవీ షాపుకనడం. రాత్రిళ్లు వేణ్నీళ్లలో కాళ్లు పెట్టుకుని 'నిలబడి నిలబడి పీకుతున్నాయి' అనడం. ల్యాబ్ కబుర్లు ఒక్కటీ చెప్పకపోవడం. నిద్రలో ఏదో పలవరించడం, అందులో 'యాభై ఐదంగుళాలు' అని స్పష్టంగా వినబడడం. ఆ ముక్కలన్నీ ఆవిడ మనసులో టకటకా అతుక్కున్నాయి. ల్యాబ్‌లో ఉద్యోగం పోయింది. ఇంట్లో చెప్పుకోలేక ఇక్కడ చేరాడు. మూడు నెలలుగా టీవీ కొనకపోవడానికి కారణం నలుపూ కాదు, తెలుపూ కాదు. కొనలేక.

'పళ్లూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అన్నాను కదా ఈ మనిషిని' అనుకుంది ఆవిడ. కళ్లు తుడుచుకుంది. తుడుచుకున్న కళ్లతో గోడ మీది బోర్డు చూసింది. 'సిబ్బంది కుటుంబ సభ్యుల కొనుగోళ్లు సేల్స్ లెక్కలోకి రావు.'

ఆవిడ నిటారుగా నిలబడి, హ్యాండ్‌బ్యాగు భుజం మీదికి లాక్కుని, నేరుగా స్తంభం దగ్గరికి నడిచింది.

"బాబూ," అంది భర్తను. "ఈ టీవీ ఎంత?"

పళ్లాయన వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు. పెళ్లయిన ఇన్నేళ్లలో భార్య తనని ఏవండీ అంది, ఇదిగో అంది, వినపడదా అంది. బాబూ అనడం ఇదే మొదలు.

"ఏమైంది నీకు?" అన్నాడు.

"కస్టమర్ని నీకు నాకు అంటావేంటయ్యా!" అని ఏరియా మేనేజర్ పళ్లు నూరాడు. "మేడమ్ అను! మీరు అను!"

"మేడమ్," అన్నాడు పళ్లాయన నిస్సహాయంగా. "మీరు... మీకు ఒంట్లో బాగానే ఉందా?"

"నాకు ఈ టీవీ కావాలి."

"ఇదొద్దు మేడమ్. ఇందులో రంగులు బాగోవు. పొద్దున్నే చెప్పాను కదా."

"ఏమయ్యా!" అన్నాడు ఏరియా మేనేజర్.

ఆవిడ భర్తను ఎగాదిగా చూసింది. నెత్తిమీద కత్తి వేలాడుతున్నా సరుకు బాగాలేదనే చెబుతున్నాడు. ఇలాంటివాణ్ని ఏ షాపువాడు ఉంచుకుంటాడు? "పరవాలేదు. ఇదే కావాలి," అంది.

"నలుపు బూడిదలా ఉంటుంది మేడమ్."

"నాకు బూడిదంటే ఇష్టం."

"హీరో నవ్వితే ట్యూబులైటులా ఉంటుంది!"

"మా ఇంట్లో వెలుతురు తక్కువే. పనికొస్తుంది."

ఇక లాభం లేదని పళ్లాయన ఏరియా మేనేజర్ వైపు తిరిగాడు. "సార్, ఈవిడ మా ఆవిడండీ."

ఏరియా మేనేజర్ కనుబొమ్మలు ముడివేసి ఆవిడ వైపు చూశాడు. ఆవిడ గోడ మీది బోర్డు వైపు ఒకసారి చూసింది. తర్వాత మైకు గొంతుతో, అక్షరం అక్షరం విడదీసి, "ఈయన ఎవరో నాకు తెలియదు. నేను ఈయనను ఇంతకుముందు ఎన్నడూ చూసి ఉండలేదు," అని ప్రకటించింది. అంతస్తంతా వినబడింది. ఇద్దరు కస్టమర్లు అలవాటుగా తమ సామాన్లు దగ్గరికి లాక్కున్నారు.

పళ్లాయన నోరు తెరిచాడు. అది అలాగే ఉండిపోయింది. ఆవిడ కౌంటర్ వైపు వెళ్లిపోయింది. "కస్టమర్ని పట్టుకుని మా ఆవిడంటావా?" అని ఏరియా మేనేజర్ ఆయన చెవిలో గొణిగాడు. "అమ్మావు గనక బతికిపోయావు. ఈ పద్ధతి ట్రైనింగ్‌లో లేదు."

కౌంటర్ క్యూలో నిలబడి ఆవిడ తండ్రికి ఫోన్ చేసింది. దుఃఖం ఎవరితోనైనా చెప్పుకోకపోతే గుండె పగిలేట్టుంది. "నాన్నా, ఎవరితోనూ అనకు. ఈయన ఉద్యోగం పోయిందట. టీవీ షాపులో నిలబడి అమ్ముతున్నారు," అంది.

ఎవరితోనూ అనకు అంటే ఎవరితో అనాలో వెంటనే స్ఫురించే మనిషి మామగారు. పళ్లు అమర్చిన డాక్టరమ్మ నంబరు ఆయన దగ్గరుంది. ఆవిడ క్లినిక్ వెనకే ల్యాబ్. వెంటనే ఫోన్ కొట్టారు. "డాక్టరమ్మా! మా అల్లుణ్ని ఎందుకమ్మా తీసేశావు! టీవీ షాపులో నిలబడి అమ్ముకుంటున్నాడమ్మా!"

డాక్టరమ్మ అప్పుడే ఒక పేషెంటు నోట్లో పళ్ల అచ్చు తీయడానికి మెత్తటి ముద్ద నింపిన తొడుగు పెట్టింది. అది గట్టిపడేదాకా అతను నోరు తెరిచి కూర్చోవాలి. ఆవిడ ఎవర్నీ తీసేయలేదు. నిన్న సాయంత్రం కూడా మర్యాదగా 'వెళ్లొస్తానండీ' అని వెళ్లిన మనిషి, ఇవాళ ఇంకో చోట చేరిపోయాడన్నమాట. షాపు పక్క వీధిలోనే. పేషెంటుతో "కదలకండి, ఇప్పుడే వస్తాను" అని చెప్పి పరిగెత్తింది. నోట్లో గట్టిపడుతున్న ముద్దతో ఒంటరిగా మిగిలిపోవడానికి పేషెంటుకు ధైర్యం చాలలేదు. మెడకు కట్టిన గుడ్డతోనే వెనకాల వచ్చేశాడు.

"ఏమండీ, నేను మీకేం తక్కువ చేశాను?" అంది డాక్టరమ్మ మెట్ల మీంచే, రొప్పుతూ. "ల్యాబ్‌లో ఏసీ అడిగారు, వేయించలేదు, ఒప్పుకుంటాను. దానికింత పని చేస్తారా?"

"నేనేం చేశాను డాక్టరుగారూ?"

"మీ మామగారు ఫోన్ చేశారు. స్పీకర్ పెట్టలేదు, అయినా వెయిటింగ్ రూమంతా విన్నది."

ఏరియా మేనేజర్ మధ్యలోకి వచ్చాడు. "మేడమ్, ఎవరు మీరు? ఈయన మా స్టార్. ఈయన్ని మేం వదలం."

"ఈయన లేకపోతే ఊళ్లో సగం మంది నమల్లేరు!"

"సెక్షన్ ఇన్‌చార్జిని చేస్తున్నాను ఇవాళే!"

"సోమవారం ఏసీ పెట్టిస్తున్నాను!"

తన కోసం ఇద్దరు మనుషులు పోట్లాడుకోవడం పళ్లాయన జన్మలో చూడలేదు. ఎవరి మాటకు అడ్డుపడాలో తెలియక నిలబడ్డాడు. ఇంతలో ఎవరో మోచెయ్యి గోకారు. పేషెంటు. నోరంతా తెరిచి, కిటికీ పక్క టీవీ వైపు చెయ్యి చూపిస్తూ, "ఆ ఈ ఏ ఆ ఉం ఆ?" అన్నాడు.

నోరు తెరుచుకుని మాట్లాడేవాళ్ల భాష పళ్లాయనకు కొట్టినపిండి. 'ఆ టీవీ ఎలా ఉంటుంది' అని అడుగుతున్నాడని వెంటనే తెలిసిపోయింది. బుర్ర పనిచేయని స్థితిలో, పొద్దుట్నుంచీ అలవాటైపోయిన నోరు దానంతటదే జవాబు చెప్పేసింది. "చాలా బాగుంటుందండీ. ఈ ధరలో దీన్ని మించింది లేదు. మూడు నెలలు చూశాను."

"ఆ ఏ!" అన్నాడు పేషెంటు. అంటే సరే అని. కార్డు తీసి ఏరియా మేనేజర్ చేతిలో పెట్టాడు. పోట్లాట మధ్యలోనే ఏరియా మేనేజర్ దాన్ని కౌంటర్‌కు పంపించాడు. అలసటైనా పోట్లాటైనా అతని అమ్మకాన్ని ఆపవు.

"అయ్యో, అది నాది!" అన్నాడు పళ్లాయన. జీవితంలో ఆయన అరిచిన మొదటి అరుపు అది. అందరూ ఆగిపోయారు. ఆ నిశ్శబ్దంలో మాట దొరికింది. "నేను ఇక్కడ పని చేయట్లేదు. టీవీ కొనుక్కోవడానికి వచ్చాను. నా ఉద్యోగం పోలేదు. డాక్టరుగారి ల్యాబ్‌లోనే ఉన్నాను. పొద్దుట్నుంచి అదే చెప్దామని చూస్తున్నాను."

"పోలేదా?" అంది వెనక నుంచి ఒక గొంతు. భార్య. చేతిలో రసీదు ఉంది.

"ఎవరన్నారు పోయిందని?"

ఆవిడ అక్కడున్న బల్ల మీద కూలబడి ఏడ్చింది. ఏడుస్తూనే రసీదు వైపు చూసింది. ఏడుపు మెల్లగా ఇంకో రూపంలోకి మారింది. "అయితే ఈ దిక్కుమాలిన టీవీ నేనెందుకు కొన్నట్టు?" అంది.

"అది వెనక్కి తీసుకోబడదు మేడమ్," అన్నాడు ఏరియా మేనేజర్. పళ్లాయన చొక్కా నుంచి బ్యాడ్జి జాగ్రత్తగా విప్పి, మళ్లీ సొరుగులో పెట్టేశాడు. ముఖం వాడిపోయింది. మొత్తానికి ఆ వాక్యం తిరిగి చెప్పినవాడు ఒక్కడూ లేడన్నమాట.

"పోనీలెండి, ఉద్యోగం మానలేదు కదా," అంది డాక్టరమ్మ ఊపిరి పీల్చుకుని. "ఏసీ సంగతి నెమ్మదిగా చూద్దాం." పేషెంటును రెక్క పట్టుకుని తీసుకుపోయింది. నోట్లో ముద్ద ఎప్పుడో రాయైపోయింది. అయినా అతను వెనక్కి తిరిగి, చెయ్యూపుతూ పళ్లాయనకు ఏదో చెప్పాడు. థాంక్స్ అని.

స్టాక్ గది తలుపు తెరుచుకుని సేల్స్‌మన్ బయటికొచ్చాడు. బుగ్గ మీద అట్టపెట్టె చారలున్నాయి. కెమెరాలో పడిపోయాననుకుని వణికిపోతున్నాడు. అప్పుడే కౌంటర్ అమ్మాయి కంప్యూటర్ చూసి, ఇవాళ టీవీల సెక్షన్ అమ్మకాలన్నీ అతని పేరు మీదే పడ్డాయని, బ్రాంచీ మొదలెట్టిన దగ్గర్నుంచి ఇదే రికార్డని చెప్పింది. ఏరియా మేనేజర్ అతని భుజం తట్టి ఫొటో తీయించాడు. ఫొటోలో అతను చాలా తాజాగా, విశ్రాంతిగా కనబడ్డాడు.

ఇంటికి వెళ్లేటప్పుడు ఇద్దరూ సామాన్ల వ్యానులో ముందు సీట్లో ఇరుక్కుని కూర్చున్నారు. వెనక అట్టపెట్టె ప్రతి గోతికీ దడదడలాడుతోంది.

"నేనెవరో తెలీదన్నావు," అన్నాడు పళ్లాయన.

"గోడ మీద బోర్డుందండీ. ఇంటివాళ్లు కొంటే లెక్కలోకి రాదట."

"వద్దు వద్దంటున్నా కొన్నావు."

"ఉద్యోగం పోయేలా ఉన్నా కూడా సరుకు బాగోలేదంటున్నారు. నాకు కడుపు తరుక్కుపోయింది. ఈ మనిషి దగ్గర ఇంకెవరు కొంటారు, నేనైనా కొందామనుకున్నాను."

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. పొద్దుట్నుంచి ఎన్ని టీవీలు అమ్మాడో చెప్పాలనుకున్నాడు. చెప్పలేదు.

"ఒకవేళ నిజంగా పోతే?" అన్నాడు.

"పోతే ఇంటికొచ్చి నాకు చెప్పండి. షాపులో చూసి తెలుసుకునేలా చేయకండి." గొంతు బొంగురుపోయి ఉంది. ఆ రోజుకు ఆవిడ దగ్గర మిగిలిన మాటలు అంతే. తల ఆయన భుజం మీద వాల్చింది. వ్యాను డ్రైవరు మర్యాదగా రేడియో తగ్గించాడు.

సాయంత్రం టీవీని హాల్లో బల్ల మీద నిలబెట్టారు. "ఎడమకి! ఇంకొంచెం ఎడమకి! ఆపు! దించు!" అని మామగారు కుర్చీలోంచి చేతులూపుతూ ఆదేశాలిచ్చారు. తను ఫోన్ చేసిన విషయం ఎవరూ ఎత్తకుండా ఉండాలని కాబోలు, మామూలు కన్నా ఎక్కువ అరిచారు. దీపాలు ఆర్పేశారు. మూల దీపం ఒక్కటి ఉంచారు. పళ్లాయన రిమోట్ తీసుకుని, వెలుగు తగ్గించి, రంగుల్లో నీలం తగ్గించి, సినిమా మోడ్ పెట్టి, ఓటీటీలో సినిమా మొదలుపెట్టి వెనక్కి జరిగి చూశాడు.

చీకటి సీను. ఒక మనిషి అడవిలో నడుస్తున్నాడు. నలుపు నల్లగానే ఉంది. తర్వాత ఎవరో నవ్వారు. పళ్లు పళ్లలాగే ఉన్నాయి. ఆయన ఇంకోసారి చూశాడు. అలాగే ఉన్నాయి. మూడు నెలలు తను కొలిచింది టీవీలను కాదు, షాపు దీపాలను. ఈ సంగతి ఇంట్లో ఎవరికైనా చెప్పాలా అని కాసేపు ఆలోచించి, "బాగానే ఉన్నట్టుందే," అన్నాడు.

భార్య ఆయన వైపు ఒక్క చూపు చూసింది. మైకు గొంతు తీసే ఓపిక లేక కాళ్లు సోఫా మీదికి ముడుచుకుంది.

పేర్లు పడడం ఇంకా పూర్తికాలేదు. ఆవిడ తల ఆయన భుజం మీద, ఆయన తల ఆవిడ తల మీద వాలిపోయాయి. యాభై ఐదంగుళాల తెర మీద ఎవరో ఎవరినో తరుముతున్నారు. మామగారు రిమోట్ మెల్లగా ఆయన చేతిలోంచి తీసుకుని, గొంతు పెగలకుండా జాగ్రత్తపడుతూ, ఫైటింగులన్నీ రెండేసిసార్లు చూశారు.

మర్నాడు పొద్దున్న కాఫీ దగ్గర మామగారు ఇద్దరికీ సినిమా మొత్తం చెప్పారు. కథ బాగానే ఉంది.